మార్స్ ఎత్తుల ఫైల్ తెరిస్తే గీతలూ చుక్కలే వస్తున్నాయా? నాకిలా కుదిరింది

నాసా అంతరిక్ష నౌక మార్స్ గ్లోబల్ సర్వేయర్‌లోని మోలా లేజర్ కొలిచిన ఎత్తుల మ్యాప్ నాసా పీడీఎస్ (గ్రహాల డేటా దాచే) ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. డిగ్రీకి 4 పిక్సెళ్ల చిన్న ఫైల్ తీసుకున్నాను, 2 ఎంబీయే. ఫొటో వ్యూయర్‌లో తెరుచుకోలేదు, సరే, పైథాన్‌లో నంపై అనే లైబ్రరీతో చదివితే మార్స్ బదులు పాత టీవీలో సిగ్నల్ పోయినట్టు ఒకటే గోల.

అసలు సంగతంతా పక్కనే ఉండే లేబుల్ ఫైల్‌లో ఉంది. మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో చదవొచ్చు. 720 వరుసలు, వరుసకు 1440 విలువలు, ఒక్కోటి 16 బిట్లు, రకం 'ఎంఎస్‌బీ ఇంటీజర్', అంటే పెద్ద బైట్ (ఎక్కువ విలువున్నది) ముందు వస్తుంది. మన ల్యాప్‌టాప్‌లు చిన్న బైట్ ముందనుకుని చదువుతాయి కాబట్టి 1 మీటరు ఎత్తు కాస్తా 256 మీటర్లయి కూర్చుంటుంది! చదివేటప్పుడు బిగ్ ఎండియన్ (పెద్ద బైట్ ముందు), 16 బిట్, సైన్డ్ అని చెప్పి 720×1440గా మడిస్తే బొమ్మ టక్కున వచ్చేసింది. సైన్డ్ అన్నది మరిచిపోకండి, లోయలకు మైనస్ విలువలుంటాయి.

సరిచూసుకోవడం తేలికే: గరిష్ఠం ఒలింపస్ మాన్స్ అగ్నిపర్వతం దగ్గర సుమారు 21 వేల మీటర్లు, కనిష్ఠం హెల్లాస్ అనే పెద్ద గుంట‌లో దాదాపు మైనస్ 8 వేలు రావాలి. ఒలింపస్ కుడి సగంలో కనిపిస్తే కంగారొద్దు, ఇందులో రేఖాంశాలు 0 నుంచి 360 వరకు తూర్పుకే లెక్క. కోడ్ రాయడం ఇష్టం లేకపోతే మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో లేబుల్ ఫైల్‌నే తెరవండి, డేటా ఫైల్ అదే ఫోల్డర్‌లో ఉంటే చాలు.