నెత్తిని చదవడం నేర్చుకుందాం, 3వ పాఠం: కుదురు దగ్గర ఏముంది?

పోయిన రెండు పాఠాల్లో మామూలు బట్టతల ఎలా వస్తుందో, మచ్చపడి జుట్టు పోవడమంటే ఏంటో చూశాం. అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. ఈ రెండూ ఒకే నెత్తిమీద, ఒకే చోట ఉంటే ఎలా పట్టుకోవాలి?

మా అక్కకి జరిగింది అదే. పాపిడి మెల్లగా వెడల్పవుతూ వచ్చింది. మల్కాజిగిరిలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్ళే, అందుకని ముందు నీళ్ళని తిట్టుకున్నాం, తర్వాత అమ్మ జుట్టు కూడా పల్చనే కదా అని సర్దుకున్నాం, ఒక క్లినిక్‌లో డాక్టర్ కుర్చీలోంచి లేవకుండానే మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికిచ్చే మందు) రాసిచ్చారు. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో పోయిన కుదుళ్ళు ఇంక తిరిగి రావు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ రెండూ కలిసొచ్చే ఈ రకాన్ని 2000లో జింకర్‌నాగెల్, ట్రూయబ్ అనే ఇద్దరు డాక్టర్లు 19 మంది రోగుల్లో గమనించి విడిగా వివరించారు. ఫైబ్రోసింగ్ అలోపేసియా ఇన్ ఎ ప్యాటర్న్ డిస్ట్రిబ్యూషన్ అని పొడుగాటి పేరు, డాక్టర్లు ఎఫ్ఏపీడీ అంటారు. మామూలు బట్టతలలో వెంట్రుక సన్నబడుతుంది కానీ కుదురు బతికే ఉంటుంది. ఇందులో అలా సన్నబడుతున్న కుదుళ్ళ చుట్టూనే వాపు కణాలు చేరి, వాటి పైభాగాన్ని దెబ్బతీస్తాయి. వెంట్రుకని మళ్ళీ మళ్ళీ మొలిపించే మూలకణాలు ఉండేది అక్కడే. అవి పోయాక ఆ చోట మచ్చ కట్టేస్తుంది.

కాబట్టి జుట్టు ఎక్కడ పల్చబడింది, పాపిడి ఎంత వెడల్పయింది అన్నదాంతో ఈ రెంటినీ విడదీయలేం. సన్నవీ లావువీ పక్కపక్కనే కనిపించడం కూడా రెంటిలోనూ ఉంటుంది. చూడాల్సింది వెంట్రుక చర్మంలోంచి బయటికొచ్చే చోటు, దాని చుట్టూ ఒక ఆవగింజంత మేర.

ముందు తయారీ. తలస్నానం చేసిన రోజు చూడొద్దు, మనం చూడాల్సిన తెల్లటి పొట్టు కడుక్కుపోయి ఉంటుంది. ఒకట్రెండు రోజులాగి, నూనె రాయకుండా చూడండి. ఆడవాళ్ళు పాపిట్లో కుంకుమ పెట్టుకుంటే ఆ రోజుకి మానేయండి, మా అక్క మొదటి ఫోటోల్లో ఎరుపంతా కుంకుమదే అనుకుని వదిలేశాం. పొద్దున పూట బాల్కనీలో కూర్చోబెట్టి, దువ్వెన తోకతో పాయలు తీసి, ఇంకొకరు ఫోటో తీయాలి. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట వెతకండి, లేకపోతే మామూలు భూతద్దమైనా నడుస్తుంది.

మొదట తల వెనక భాగం చూడండి. మామూలు బట్టతల సాధారణంగా ఆ భాగం జోలికి పోదు కాబట్టి అక్కడ మీ నెత్తి మామూలుగా ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఒక్కో రంధ్రంలోంచి రెండేసి, మూడేసి వెంట్రుకలు రావడం చూస్తారు. ఇప్పుడు నడినెత్తికి రండి.

వెంట్రుక మొదట్లో తెల్లటి పొట్టు ఉందా? చుండ్రు అయితే నెత్తంతా పరుచుకుని, గోకితే రాలిపోతుంది. ఇది అలా కాదు, వెంట్రుకకి చిన్న గొట్టం తొడిగినట్టు, కాలర్ లాగా పట్టుకుని ఉంటుంది. వెంట్రుకతో పాటు పైకి జరుగుతుంది కానీ విడిపోదు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలమంటే ఈ కాలర్‌నే గుర్తుపెట్టుకోండి. తర్వాత రంగు. పుస్తకాల్లో ఎరుపు అని రాస్తారు, మన ఛాయలో అది ఊదాగానో గోధుమ రంగుగానో కనిపించొచ్చు. ఆ తర్వాత ఖాళీ జాగా. వెంట్రుక లేని చోట రంధ్రాలు కనిపిస్తున్నాయా, లేక చర్మం నున్నగా మెరుస్తోందా? నున్నగా ఉండి, ఆ మధ్యలో ఒంటరి వెంట్రుకలు మిగిలి ఉంటే ఆలస్యం చేయొద్దు. అయితే నల్లటి చర్మంలో వరసగా సమానంగా కనిపించే తెల్లటి సన్న చుక్కలు మామూలే, చెమట రంధ్రాలు కూడా అలాగే ఉంటాయి, వాటిని చూసి టెన్షన్ పడొద్దు.

దురద, మంట, దువ్వినప్పుడు నొప్పి ఉంటే రాసుకోండి, కానీ ఇవేవీ లేకుండా కూడా ఈ జబ్బు నడుస్తుంది.

ఈ గుర్తులు కనిపించినంత మాత్రాన మీకు ఆ జబ్బు ఉన్నట్టు కాదు, కనిపించకపోయినా లేనట్టు కాదు. చర్మ డాక్టర్ దగ్గరికెళ్ళి, డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దది చేసి చూపే లైటున్న భూతద్దం) చూడమని అడగండి, బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) అవసరమా అని కూడా నోరు తెరిచి అడగండి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఇది తప్పనిసరి, ఎందుకంటే వాపు చల్లారకుండా నాటితే కొత్త వెంట్రుకలూ పోవచ్చు, జబ్బు ఇంకా రేగొచ్చు.

ఈ వారం పని: తల వెనక, నడినెత్తి, నుదుటి అంచు, మూడు చోట్లా ఫోటోలు తీసి తేదీ వేసి దాచండి. కాలర్ కనిపించిన చోటు ఏ చెవికి నేరుగా ఉందో, పాపిడికి ఎన్ని వేళ్ళ దూరమో రాసి పెట్టుకోండి. బయాప్సీకి ముక్క తీయాల్సింది నున్నబడిన చోటు నుంచి కాదు, అలాంటి చోటు నుంచే. వచ్చే పాఠంలో ఆ 4 మిల్లీమీటర్ల ముక్క సంగతి చూద్దాం.