నెట్ ఆగిందా? ప్లగ్గు పీకే ముందు లైట్లు చూడండి

నెట్ ఆగగానే అందరం చేసే పని ఒకటే: రౌటర్ ప్లగ్గు తీసి మళ్లీ పెట్టడం. చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. ఎందుకు పోయిందో చెప్పే లైట్లు, రౌటర్ లోపల రాసుకున్న లాగ్ ఆ దెబ్బతో చెరిగిపోతాయి. మర్నాడు అదే వేళకు మళ్లీ పోతుంది, మళ్లీ ప్లగ్గు తీస్తాం. ఇలా నెలల తరబడి నెట్టుకొచ్చి, విసిగిపోయి కొత్త రౌటర్ కొని, దానితోనూ అదే బాధ పడే ఇళ్లు తిరుపతిలో చాలా ఉన్నాయి. తప్పు రౌటర్‌ది కానప్పుడు కొత్తది మాత్రం ఏం చేస్తుంది?

ఎక్కడ తెగుతోందో ముందు తేల్చాలి

ఫోను నుంచి రౌటర్ దాకా గాలిలో ఒక దారి. రౌటర్ నుంచి వీధి స్తంభం మీదుగా కంపెనీ దాకా తీగలో ఇంకో దారి. వీటికి తోడు రౌటర్‌కు అందే కరెంటు. ఈ మూడింటిలో ఏది దెబ్బతిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

నెట్ ఆగినప్పుడు రౌటర్ దగ్గరికెళ్లి లైట్లను ఒక ఫొటో తీయండి. తర్వాత ఫోనులో మొబైల్ డేటా ఆపి, వైఫై మీదే ఉంచి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. కొన్నింటికి 192.168.0.1 ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఇది రౌటర్ సొంత పేజీ, దీనికి బయటి నెట్‌తో పని లేదు. ఆ పేజీ టక్కున తెరుచుకుని బయటి సైట్లు మాత్రం రాకపోతే ఇంట్లో వైఫై బాగున్నట్టే, తప్పు ఎక్కువగా లైనుదే. పేజీ తెరుచుకోకపోయినా, ఈడ్చుకుంటూ వచ్చినా గాలిలో దారి బాగాలేదు. మీరు వెళ్లేసరికి లైట్లన్నీ ఆరిపోయి ఒక్కొక్కటే వెలుగుతుంటే రౌటర్ తనంతట తనే ఆగి లేచిందని అర్థం.

కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇంకా కచ్చితంగా తేల్చుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు, రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ (ping) పెట్టండి, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. రౌటర్ నుంచి జవాబు మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలో వస్తుంది. అది వందల్లోకి ఎగబాకుతూ మధ్యమధ్య జవాబే రాకుండా పోతుంటే వైఫై తప్పు. రౌటర్ నిలకడగా పలుకుతూ 8.8.8.8 ఒక్కటే ఆగిపోతే లైను తప్పు. రెండూ పలుకుతున్నా సైట్లు తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్: సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే సర్వర్ పలకడం లేదు. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 పెడితే చాలామందికి సరిపోతుంది.

ఇంట్లో ఒక లాన్ కేబుల్ ఉంచుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. వైఫైలో నెట్ తెగుతూ, లాన్ కేబుల్‌తో నేరుగా కలిపిన ల్యాప్‌టాప్‌లో తెగకపోతే ఇంక కంపెనీని అడగాల్సింది లేదు. కేబుల్‌లోనూ తెగితే వైఫై సెట్టింగులు తిప్పి లాభం లేదు.

ఎల్ఓఎస్ ఎర్రగా మిణుకుతోంది

ఫైబర్ కనెక్షన్లలో, అంటే గాజు తీగలో వెలుతురుగా నెట్ వచ్చేవాటిలో, పాన్ (PON) లైటు పచ్చగా నిలకడగా ఉండాలి, ఎల్ఓఎస్ (LOS) లైటు ఆరి ఉండాలి. ఎల్ఓఎస్ ఎర్రగా మిణుకుతోందంటే తీగలోంచి రావాల్సిన వెలుతురు రౌటర్‌కు అందడం లేదు. తీగ తెగి ఉండొచ్చు, ఎక్కడో మడతపడి ఉండొచ్చు, కొనలో దుమ్ము చేరి ఉండొచ్చు.

ముందు ఇంట్లో భాగం చూడండి. మిగిలిన తీగను బిగుతుగా చిన్న చుట్ట చుట్టి మేకుకు తగిలించడం, తలుపు సందులో నలగడం, సోఫా కాలి కింద పడడం, బీరువా వెనక్కి నెట్టినప్పుడు వంగిపోవడం, ఎక్కువగా ఇవే కారణాలు. చుట్ట కనీసం అరచేయంత వెడల్పుగా ఉండాలి. కొనను పీకి ఊదడం, చొక్కాకు తుడవడం వద్దు. కంటికి కనిపించని దుమ్ము కూడా వెలుతురుకు అడ్డమే. తీగ కొనలోకి కన్ను పెట్టి అసలే చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, అలాగని హాని లేనిది కాదు.

ఇంట్లో తీగ బాగుంటే తప్పు వీధిలో ఉంది. అలిపిరి, కపిలతీర్థం చుట్టుపక్కల కొండను ఆనుకుని ఉన్న వీధుల్లో స్తంభాల మధ్య వేలాడే తీగలను కోతులు పట్టుకుని ఊగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో స్తంభం మీద జాయింటు పెట్టెల్లోకి నీళ్లు దిగుతాయి. అప్పుడు నెట్ పూర్తిగా పోకుండా వచ్చి పోతూ సతాయిస్తుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు పవర్ మీటర్ పెట్టి తీగలో వెలుతురు బలం ఎంతుందో కొలవమనండి. మైనస్ 20 డీబీఎం (dBm) ప్రాంతంలో ఉంటే నిశ్చింత. ఇళ్లకిచ్చే ఫైబర్‌లో హద్దు సుమారు మైనస్ 27. మైనస్ 26, 27 చూపిస్తుంటే ఆ పూటకు నెట్ నడిచినా తర్వాతి వానకు మళ్లీ పోతుంది, కాబట్టి జాయింటు మళ్లీ వేయించండి. చాలా రౌటర్ల పేజీలో ఆప్టికల్ సమాచారం కింద ఈ అంకె మీకే కనిపిస్తుంది. నెట్ బాగున్న రోజున ఒకసారి చూసి రాసిపెట్టుకుంటే, చెడిన రోజున పోల్చుకోవడానికి పనికొస్తుంది.

లైట్లన్నీ ఆరి మళ్లీ వెలుగుతున్నాయి

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటు సందులో రౌటర్ ఆగిపోతుంది. ఫ్యాను, లైటు ఆ సందును పట్టించుకోవు, రౌటర్ మాత్రం మొదటి నుంచి లేచి నెట్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని అటు మారిస్తే సందు బాగా తగ్గి, చాలా ఇళ్లలో రౌటర్ ఆగదు. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు.

కరెంటు పోనప్పుడూ రౌటర్ ఆగి లేస్తుంటే అడాప్టర్‌ను అనుమానించండి. రౌటర్ కన్నా ముందు పాడయ్యేది చాలాసార్లు అదే. కొత్తది తీసుకునేటప్పుడు వోల్టులు పాతదానికి సమానంగా, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 12 వోల్టులు 1.5 ఆంపియర్లున్న చోట 12 వోల్టులు 2 ఆంపియర్లు పెట్టొచ్చు, 9 వోల్టులదో 1 ఆంపియర్‌దో పెట్టకూడదు. పిన్ను మందం, ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి.

ఇంకోటి వేడి. ఇళ్లలో వాడే రౌటర్లు చాలావరకు 40 డిగ్రీల దాకా పని చేసేలా తయారైనవి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో బయటే 40 దాటుతుంది. రేకుల షెడ్డులోనో, పడమటి గోడకు ఆనించో, సెట్‌టాప్ బాక్సు మీదో పెట్టిన రౌటర్ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి దాకా తరచూ ఆగుతోందంటే కారణం వెతకనక్కర్లేదు. దుమ్ము పడకుండా దాని మీద గుడ్డ కప్పే అలవాటు కూడా మానాలి. గాలి తగిలే చోట, గోడకు తగిలించండి.

కరెంటు పోయినప్పుడు రౌటర్ వెలుగుతూనే ఉండి నెట్ మాత్రం పోతే, మీ వీధిలో కేబుల్ ఆపరేటర్ స్తంభానికి బిగించిన స్విచ్ పెట్టెకు కరెంటు లేదన్నమాట. ఇంటిదాకా ఫైబర్ కాకుండా లాన్ వైరు వచ్చే కనెక్షన్లలో ఇది ఎక్కువ. ఆ పెట్టెకు బ్యాటరీ పెట్టాల్సింది ఆపరేటరే. వీధిలో నలుగురు కలిసి అడిగితే త్వరగా అవుతుంది.

హాల్లో ఉంటుంది, పడకగదిలో ఉండదు

నేను ఎక్కువగా చూసిన కంప్లైంటు ఇదే. దీనికి మందు కూడా చాలావరకు ఖర్చు లేనిదే: రౌటర్ ఉన్న చోటు మార్చడం.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి తీగ ఎక్కడ లోపలికొస్తే అక్కడే రౌటర్ బిగించి వెళతాడు. అంటే వాకిలి పక్కన, ఇంటికి ఒక మూలన. సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది, మిగతా సగం గోడలు దాటుకుంటూ వెనక గదికి చేరేసరికి చచ్చుబడుతుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పాత ఇళ్లలో గోడల మందం చూస్తే వైఫై ఎందుకు దాటలేదో తెలుస్తుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు పలచన, కానీ ఇనుప కడ్డీలున్న కాంక్రీటు స్లాబు, బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు గట్టిగా అడ్డుపడతాయి. బీరువా పక్కన, టీవీ వెనక, షోకేస్ లోపల రౌటర్ పెట్టకండి. ఇంటి నడిమధ్యకు, మనిషి తల ఎత్తులో, యాంటెనాలు నిలువుగా ఉండేలా మార్చండి. తీగ పొడవు చాలదంటే కంపెనీవాళ్లనే పొడిగించమనండి, లాగొద్దు.

రౌటర్‌లో రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ ఒకటి రెండు గోడలకే అలసిపోతుంది. రెంటికీ ఒకే పేరుంటే కొన్ని ఫోన్లు వెనక గదిలోకి పోయాక కూడా సన్నగిల్లిన 5నే పట్టుకు వేలాడతాయి. పేర్లు వేరు చేసి, దూరపు గదిలో 2.4కు, దగ్గర్లో 5కు కలపండి.

పై మిద్దె విషయం వేరు. కింద మీరు, పైన బాడుగకున్నవాళ్లో పిల్లల గదో ఉంటే, స్లాబు దాటించడానికి రిపీటర్ కొనమని చాలామంది సలహా ఇస్తారు. నేనివ్వను. మామూలు రిపీటర్ అదే ఛానెల్‌లో వినాలి, అదే ఛానెల్‌లో మళ్లీ చెప్పాలి, కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా సిగ్నల్ లేని గదిలోనే దాన్ని పెడతారు, అక్కడ దానికీ అందదు. మెట్ల పక్కగా ఒక క్యాట్ 6 రకం లాన్ కేబుల్ పైకి లాగి, కొసన యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి. ఇంట్లో పాత రౌటర్ ఉంటే దాని సెట్టింగుల్లో, ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి దాన్నే యాక్సెస్ పాయింట్‌గా వాడొచ్చు. లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఏ ఇంటికైనా సరిపోతుంది. ఒకసారి పని పెట్టుకుంటే ఏళ్ల తరబడి బెడద ఉండదు.

రాత్రి ఎనిమిదయితే చాలు, నత్తనడక

భవానీ నగర్, బైరాగిపట్టెడ లాంటి ఇళ్లు ఒత్తుగా ఉన్న చోట ఫోనులో వైఫై జాబితా తెరిస్తే చుట్టుపక్కల పేర్లు వరుసగా వస్తాయి. అవన్నీ 2.4లో ఇరుక్కుని ఒకదాని మాటకు ఒకటి అడ్డొస్తుంటాయి. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. వైఫై ఎనలైజర్ యాప్‌లో మూడింటిలో ఏది ఖాళీగా ఉందో చూసి అది పెట్టండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. 40 పెడితే వేగం వస్తుందనిపిస్తుంది గానీ, రద్దీలో అది పక్కింటివాళ్లకూ మనకూ నష్టమే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, కాబట్టి వంటింట్లో అది తిరిగేటప్పుడు నెట్ ఆగుతోందంటే ఆశ్చర్యం లేదు.

టీవీ, ల్యాప్‌టాప్ లాంటివి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చేయండి. అక్కడ 36 నుంచి 48, 149 నుంచి 161 ఛానెళ్లు పెట్టడం మేలు. మధ్యలోని 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ ఛానెల్ వదిలేయాలన్నది నియమం, అప్పుడు నెట్ కాసేపు పోతుంది. ఏ కారణమూ కనిపించకుండా 5 ఒక్కటే మాయమై మళ్లీ వస్తుంటే ఇది చూడండి.

లాన్ కేబుల్‌లో కూడా రాత్రి నెమ్మదిగానే ఉంటే అది కంపెనీ లైనులో రద్దీ. మీ చేతిలో ఏమీ లేదు, ఫిర్యాదు తప్ప. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట ఆ సైటు ఒక్కటే తెరుచుకోకపోతే మాత్రం అది మీ నెట్ తప్పు కాదు. సైటు వరుసలో నిలబెడుతుంది. అప్పుడు రౌటర్ ఆపి వేస్తే వరుసలో మీ చోటు పోవచ్చు.

చిన్న చిన్నవి

ఒక్క ఫోనులోనే తెగుతుంటే ఆ ఫోనులో నెట్‌వర్క్ ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలపండి, బ్యాటరీ సేవర్ తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే వైఫై డ్రైవర్ కొత్తది వేయండి.

200, 300 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా కేబుల్‌లో వేగం 94 దగ్గరే ఆగుతోందా? రౌటర్ పోర్టో, లాన్ వైరో 100 మెగాబిట్లకు మించి ఇవ్వడం లేదు. వైరులో ఎనిమిది పోగులూ తగిలితేనే గిగాబిట్. ముందు వైరు మార్చి చూడండి.

వీడియో కాల్ మాత్రమే గడ్డకడుతూ మిగతావన్నీ బాగుంటే అప్‌లోడ్ నిండిపోయింది. సీసీ కెమెరా క్లౌడ్‌కు పంపుతోందో, ఫోను ఫొటోలు బ్యాకప్ చేస్తోందో చూసి రాత్రివేళకు మార్చండి.

తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు, వాళ్లకు వైఫై ఇవ్వకా తప్పదు. అసలు పాస్‌వర్డ్ చెప్పకుండా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి, నెలకోసారి మార్చండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తోనో పిన్ నంబరుతోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ (WPS) ఆపేయండి.

సన్న రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు

రీస్టార్ట్, రీసెట్ ఒకటి కావు. వెనక సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి కొద్ది సెకన్లు నొక్కితే రౌటర్ అన్నీ మరిచిపోతుంది. వైఫై పేరు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. రౌటర్ కంపెనీ లైనుకు లాగిన్ అయ్యే పీపీపీఓఈ (PPPoE) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లైనుకు కంపెనీ ఇచ్చిన వీలాన్ (VLAN) నంబరు పోతే టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ ఉండదు. ఆదివారమో పండుగ పూటో ఇలా చేసుకుని అల్లాడిన ఇళ్లున్నాయి. నెట్ బాగున్నప్పుడే ఆ వివరాలు అడిగి రాసుకోండి, రౌటర్ పేజీలో బ్యాకప్ తీసే ఏర్పాటుంటే ఒక కాపీ దాచండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు

‘నెట్ సరిగా రావట్లేదు’ అంటే వాళ్లు చెప్పేది రీస్టార్ట్ చేయమనే. ‘రాత్రి 8 నుంచి 10 దాకా, లాన్ కేబుల్‌లోనే, 100 ప్లాన్‌కు 15 వస్తోంది, పాన్ పచ్చగానే ఉంది, ఆప్టికల్ పవర్ మైనస్ 27’ అని చెప్పండి. మాట తీరే మారిపోతుంది. తీసిన ఫొటోలు, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టొద్దు. గడువులో తీర్చకపోతే అదే నంబరుతో ఆ కంపెనీ అప్పీల్ అధికారికి రాయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పొచ్చు. టెక్నీషియన్ ఇంటికొచ్చినప్పుడు పక్కనే ఉండి, వెళ్లేముందు మీటర్ అంకె ఎంతుందో అడిగి రాసుకోండి.