ఉచిత లాయరు కోసం అర్జీ: చేతికి సమన్లు వచ్చిన రోజే కదలాలి

ఉచిత న్యాయ సహాయం నిరుపేదలకే ఇస్తారన్నది చాలామంది అపోహ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరద, కరువు బాధితులు ఎవరైనా అర్హులే. వాళ్ల ఆదాయం ఎవరూ అడగరు. ఆదాయ పరిమితి మిగతావాళ్లకే. దానికి కూడా మామూలుగా అఫిడవిట్ (ప్రమాణపత్రం) సరిపోతుంది.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవాధికార సంఘంలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. జైల్లో ఉన్నవాళ్లు అక్కడి అధికారుల ద్వారానే అర్జీ పంపవచ్చు.

తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, వాళ్లే రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు. అయితే ‘నా భర్త నన్ను పట్టించుకోవడం లేదు, న్యాయం చేయండి’ అని రాస్తే లాయరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ‘2024 జూన్ నుంచి ఇంటి ఖర్చులకు డబ్బు ఇవ్వడం లేదు. ఇద్దరు పిల్లలు, 6వ, 3వ తరగతి. ఆయన లారీ డ్రైవర్. మనోవర్తి కేసు వేయాలి’ అని రాయండి. ఆధార్, అవసరమైతే కుల ధ్రువీకరణ లేదా ఆదాయ అఫిడవిట్, కోర్టు నుంచి వచ్చిన ప్రతి కాగితం జిరాక్స్ జతచేయండి. అర్జీ అందినట్టు తేదీతో రసీదు తీసుకోవడం మరవద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది గడువు దగ్గరే. అర్జీ మీద నిర్ణయానికి 7 రోజుల దాకా పట్టవచ్చు. ఆలోగా కోర్టు గడియారం ఆగదు. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి; కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. వాయిదాకు ఎవరూ వెళ్లకపోతే మీ వాదన వినకుండానే ఇచ్చే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ పడొచ్చు. అందుకే అర్జీ పైభాగంలోనే వాయిదా తేదీ పెద్దక్షరాలతో రాయండి. లాయరు ఖరారు కాకముందే వాయిదా వస్తే మీరే వెళ్లి జడ్జి గారికి అర్జీ రసీదు చూపించి సమయం అడగండి.

కేటాయించిన లాయరుకు ఫీజు సంస్థే ఇస్తుంది. కోర్టు ఫీజు, టైపింగ్, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా అందులోకే వస్తాయి. ‘కాస్త ఖర్చులకు’ అంటూ ఎవరైనా చేయి చాస్తే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, లాయరును మార్చమని అడగండి. అర్జీనే తిరస్కరిస్తే సంస్థ చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

కేసును రాజీతో తేల్చే లోక్ అదాలత్‌కు పంపుతామంటే మంచిదే, అక్కడ రాజీ కుదిరితే అప్పటికే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. రాజీ కాగితంలో ఎంత డబ్బు, ఏ తేదీకి, ఎన్ని కిస్తుల్లో, ఏ ఖాతాకు అన్నవి ఉన్నాయో లేదో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.