కేజన్ ఫ్రైస్: పొర ఊడకుండా, మెత్తబడకుండా

కేజన్ ఫ్రైస్ అంటే అమెరికాలోని లూసియానా తరహా కారం మసాలా చల్లిన ఉర్లగడ్డ (బంగాళాదుంప) ఫ్రైస్. ఆ పేరు వినగానే అందరూ మసాలా గురించే అడుగుతారు. మసాలా తేలికే. అసలు పని తడిని వదిలించడంలో ఉంది.

బెంగళూరు మార్కెట్లో ఉర్లగడ్డలు కొనేటప్పుడు గట్టిగా ఉన్న పాతవి ఏరుకోండి. కొత్తవాటిలో నీరెక్కువ. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చలికి పిండిపదార్థం చక్కెరగా మారి, లోపల ఉడకకముందే పైన నల్లబడతాయి.

అరకిలో గడ్డలు చెక్కు తీసి వేలి మందాన కోసి, అరగంట చల్లనీళ్లలో ఉంచి, నీళ్లు తేటపడేదాకా కడగండి. లీటరు మరిగే నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వెనిగర్ వేసి ఉడికించండి. వెనిగర్ వల్ల ముక్క చిదరదు. చెన్నైలో 5 నిమిషాలు చాలు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని ఇంకో నిమిషం ఉంచండి. వార్చి, బట్ట మీద పరిచి, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వండి. వేయించేటప్పుడు పైనున్న పిండి పొర ఊడిపోతోందంటే దాదాపు ఎప్పుడూ ఇక్కడ తొందరపడ్డట్టే. ఆరాక రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లి కలపండి.

పిండికి మైదా 60 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 40, బియ్యప్పిండి 20, అర చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు, చెంచా బ్యాడగి కారం. ఫ్రిజ్ నీళ్లు 170 మి.లీ. దాకా కొద్దికొద్దిగా పోస్తూ, దోసెపిండి కన్నా పలుచగా కలపండి. వెల్లుల్లి పొడి, ఒరెగానో ఇందులో వద్దు, నూనెలో మాడి చేదెక్కుతాయి.

ముక్కలు ఒక్కొక్కటే ముంచి, కారనిచ్చి, 160 డిగ్రీల నూనెలో విడివిడిగా వేసి 4 నిమిషాలు వేయించండి. రంగు రానక్కర్లేదు. తీసి పది నిమిషాలు జాలీ మీద ఉంచి, 185 డిగ్రీల్లో మళ్లీ 2 నిమిషాలు వేయించండి. థర్మామీటర్ లేకపోతే పిండి చుక్క వేసి చూడండి: మొదటిసారి నెమ్మదిగా తేలాలి, రెండోసారి వేయగానే తేలాలి. బాణలి నింపేస్తే నూనె చల్లబడి, ముక్కలు నూనె పీల్చేస్తాయి.

లూసియానా మసాలాలో పాప్రికా (ఘాటు తక్కువున్న ఎర్ర మిరపపొడి), కెయెన్ (ఘాటైన మిరపపొడి) ఉంటాయి. రంగుకు బ్యాడగి, ఘాటుకు గుంటూరు కారం ఆ లోటు చక్కగా తీరుస్తాయి. బ్యాడగి 2 చెంచాలు, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఒరెగానో ఒక్కో చెంచా, థైమ్, మిరియాల పొడి, ఉప్పు అరేసి చెంచా, గుంటూరు కారం పావు చెంచా. నూనెలోంచి తీయగానే, వేడి మీదే చల్లండి. ఆలస్యమైతే పొడి అంటదు. మూత పెట్టొద్దు.

మొదటి వేపుడు తర్వాత విడివిడిగా ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కావలసినప్పుడు కరగనివ్వకుండా, కొద్దికొద్దిగా 180 డిగ్రీల్లో 4 నిమిషాలు వేయిస్తే సరి.