బార్ కదలకుండా మోహన: పెడల్ స్టీల్‌ను కంట్రీ దాటించడం ఎలా

మా ఊరు తెనాలి. మా పిన్ని దగ్గర ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకున్నాను. డాలస్ వచ్చిన చాలా ఏళ్ళకి, మా వీధి చివర గరాజ్ సేల్‌లో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన బల్లలాంటి వాయిద్యం ఒకటి కనిపించింది, పెడల్ స్టీల్ గిటార్. పది తీగలు, కింద మూడు పెడల్స్, మోకాళ్ళతో నెట్టేలా నాలుగు లివర్లు. అమ్ముతున్న పెద్దాయన కుర్చీ లాక్కుని, బార్ (చేత్తో పట్టుకునే ఉక్కు కడ్డీ) తీగల మీద ఒకచోట ఆనించి, రెండు తీగలు కలిపి మీటి, ఎడమ పాదంతో పెడల్ నొక్కారు. ఒక తీగ పంచమం నుంచి ధైవతానికి జారింది. రెండోది షడ్జం మీదే నిలబడి మోగుతోంది. ఆ రోజే కొనుక్కున్నాను.

తరవాత రెండేళ్ళు కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) పాటలే సాధన చేశాను. దొరికే పాఠాలు దాదాపు అన్నీ అవే. నాకు కంట్రీ అంటే గౌరవం. కుడిచేతి పనితనం అంతా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఏం వాయించినా ఆ వాసనే వచ్చేది. దాన్ని దాటడానికి నాకు పనికొచ్చిన దారి ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర ఇ9 శ్రుతి ఉన్న పది తీగల వాయిద్యం ఉందని, పెడల్స్ ఏవి ఏం చేస్తాయో కాస్త తెలుసని అనుకుంటున్నాను.

ముందు ఒక అలవాటు మానాలి. ‘ఏ’, ‘బి’ అనే పెడల్స్ (ఎడమవైపు మొదటి రెండూ) కలిపి, తీగలు మోగుతుండగా, నెమ్మదిగా నొక్కడం. ఇ మేజర్ కార్డ్ అలా కరిగి ‘ఏ’ మేజర్ కార్డ్ అవుతుంది. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’ హిట్ అయినప్పుడు, అందులో బడ్ ఐజాక్స్ పెడల్‌తో తీగల్ని జార్చిన తీరు దేశమంతా పాకింది. అప్పటినుంచి ఆ కదలిక వినగానే చెవి ‘కంట్రీ’ అనేస్తుంది. ఒక నెల పాటు ఆ రెండు పెడల్స్ కలిపి నొక్కాల్సి వస్తే, మీటకముందే నొక్కి పెట్టుకోండి. మీటాక నొక్కకండి. మొదటి వారం చేతులు కట్టేసినట్టు ఉంటుంది. రెండో వారానికి చెవి వేరే దారులు వెతకడం మొదలుపెడుతుంది.

శ్రుతి

ట్యూనర్ మీద అన్ని తీగలకీ సూది సరిగ్గా మధ్యలో పెడితే ఈ వాయిద్యం గరగరమంటుంది. తంబూరాలో వినిపించే స్వయంభూ గాంధారం గుర్తుందా? 3, 6 తీగల జి షార్ప్ దానితో కలవాలి. అంటే ట్యూనర్ చూపించే స్థానం కన్నా దాదాపు 14 సెంట్లు (అరమెట్టులో నూరో వంతు ఒక సెంటు) తక్కువ. ‘ఏ’ పెడల్ నొక్కితే వచ్చే ధైవతం ఇంకా కాస్త తక్కువ, 16 దగ్గర. తీగని తల దగ్గర బిరడాతో, పెడల్ స్వరాన్ని కుడి చివర ఉండే నైలాన్ నట్‌తో సరిచేయాలి. కీబోర్డు పక్కన వాయించే రోజు మాత్రం నేను ఆ తగ్గింపును సగానికి తెస్తాను. లేకపోతే ఇద్దరం తగాదా పడుతున్నట్టు ఉంటుంది.

ఒక్క తీగ

ఫోన్‌లో తంబూరా పెట్టుకుని, పెడల్స్ ముట్టుకోకుండా, 5వ తీగ ఒక్కటే వాయించండి. రోజుకి ఇరవై నిమిషాలు. ఇక్కడ ఫ్రెట్లు వీణ మెట్లలాంటివి కావు, ఉత్త గీతలు. తీగ దేనికీ ఆనదు, స్వరం ఎక్కడ ఆగాలో బార్ చెప్పాలి. మనకి ఇది కొత్త కాదు, మెట్లు లేని వీణలాంటి గోటువాద్యం ఇదే పని చేస్తుంది. బూదలూరు కృష్ణమూర్తి శాస్త్రి గారి గోటువాద్యం రికార్డింగులు దొరికితే, ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎంత దూరం జారుతారు, ఎక్కడ జారకుండా సూటిగా దిగుతారు అన్నది వినండి. కొత్తవాళ్ళు చేసే తప్పు అన్ని చోట్లా జారడం. నేనూ అదే చేశాను. నా రికార్డింగు ఫోన్‌లో విని మా పిన్ని, ‘స్వరాలన్నీ ఒకదాని చీర ఒకటి పట్టుకుని నడుస్తున్నాయే’ అంది. అప్పటినుంచి జారు వేసే ముందు, ఆ స్వరం జారకుండా కూడా పాడి చూసుకుంటున్నాను.

బార్‌ను గీతకి నేరుగా పైనుంచే చూడాలి. తల పక్కకి వాలితే గీత జరిగినట్టు కనిపించి శ్రుతి తప్పుతుంది.

ఒకే గీత దగ్గర రాగం

నన్ను ఈ వాయిద్యానికి కట్టేసింది ఈ భాగమే, కొంచెం ఓపికగా చదవండి. మీకు దూరంగా ఉండే 1వ తీగ నుంచి దగ్గరగా ఉండే 10వ తీగ దాకా వరుస ఇది: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఇ షడ్జం అనుకోండి. 8వ తీగ స, 7 రి, 6 గ, 5 ప, అదే 5వ తీగకి ‘ఏ’ పెడల్ నొక్కితే ద, 4వ తీగ పై స. బార్ వెంట్రుకవాసి కూడా కదలకుండా మోహన ఆరోహణ అయిపోయింది. పైన 1వ తీగ తారస్థాయి రి, 3వ తీగ గ. బార్‌ని 3వ గీత మీద పెడితే ఇదంతా ఐదు శ్రుతిలోకి వస్తుంది, 8వ గీత మీద పెడితే ఒకటి శ్రుతిలోకి.

6వ తీగకి బి పెడల్ కలపండి, శుద్ధ మధ్యమం. 2వ తీగ కాకలి నిషాదం. శంకరాభరణం మొత్తం వచ్చింది. ఒక్క పెడల్ కూడా వద్దనుకుంటే 8, 7, 6, 5, 2, 4 వరుసగా మీటండి, హంసధ్వని. 2వ తీగని లివర్‌తో అరమెట్టు దించితే కైశికి నిషాదం దొరుకుతుంది కాబట్టి హరికాంభోజి కూడా అక్కడే. 4, 8 తీగల్ని అరమెట్టు లేపే లివర్ వాడితే 8వ తీగ మీద శుద్ధ రిషభం వస్తుంది. అంటే మనందరం మొదట నేర్చుకునే మాయామాళవగౌళ కూడా కష్టపడితే ఒకే గీత దగ్గర పలుకుతుంది. శుద్ధ ధైవతానికి మాత్రం ‘ఏ’ పెడల్‌ని సగం దాకా నొక్కి ఆపాలి. అది పాదానికి అలవాటు కావడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

బార్ కదలకపోతే ఏమిటి లాభం అంటే, ఆధార షడ్జం కదలదు. వరస మీటుతూ మధ్యమధ్యలో బొటనవేలితో 8వ తీగ తాకండి, మీ తంబూరా మీ చేతిలోనే ఉంటుంది. 10వ తీగ మంద్ర పంచమం కదా, అది కూడా కలుపుదామనిపిస్తుంది. కానీ ‘ఏ’ పెడల్ 5వ తీగతో పాటు 10నీ లేపుతుంది, పంచమం ధైవతమైపోతుంది. అక్కడ సి పెడల్ వాడండి. అది 5వ తీగని ధైవతానికి, 4వ తీగని పై రిషభానికి లేపుతుంది, 10వ తీగని ముట్టుకోదు. కింద పంచమం, షడ్జం రాయిలా నిలిచి ఉండగా పైన రెండు స్వరాలు కలిసి లేస్తాయి. వీణ మీద నేను ఎప్పుడూ వినని ధ్వని అది. (ఇవన్నీ ఎమ్మన్స్ అమరిక ప్రకారం, అంటే ఎడమ నుంచి ఏ, బి, సి. డే అమరికలో ఈ వరస తిరగబడుతుంది.)

రెండు జాగ్రత్తలు. వీణలో రాగం ఎక్కువగా ఒకే తీగ మీద నడుస్తుంది కాబట్టి పాత స్వరం దానంతట అదే ఆగుతుంది. ఇక్కడ రి మీటాక గ మీటితే రెండూ కలిసి మోగి బురద అవుతుంది. కుడి అరచేతి అంచు, చిటికెనవేలి వైపు, మీటిన తీగ మీద ఆనించి ఆపుతూ వెళ్ళాలి. రెండోది, కంపితాన్ని పాదంతో చేయకండి. పెడల్ కింద కడ్డీలు, లింకులు ఉన్నాయి, పాదం అంత చురుగ్గా వెనక్కి రాదు, పైగా టకటక శబ్దం. గమకం బార్‌తోనే, జారు మాత్రం పెడల్‌తో చేయొచ్చు. పంచమం నుంచి ధైవతానికి పెడల్ ఎంత నిదానంగా దిగితే జారు అంత పొడవు. బార్ కదిపినప్పుడు ఆధారం కూడా కదిలిపోతుంది కాబట్టి గమకం వేసే క్షణంలో 8వ తీగ మోగకుండా చూసుకోండి. రాగం బట్టి, అసలు పదం బట్టి, పెడలా బారా అని ముందే తేల్చుకుని నోట్‌బుక్‌లో స్వరం కింద రాసుకుంటాను.

గొంతులా వాయించడం

మన సంగీతం పక్కన పెట్టినా ఇదే పాఠం ఇంకోచోట దొరికింది. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి పెంతెకోస్తు చర్చిల్లో 1930లలో ట్రోమన్ ఈసన్, ఆయన తమ్ముడు విల్లీ ఈసన్ స్టీల్ గిటార్ వాయించడం మొదలుపెట్టారు. ఆ సంప్రదాయాన్ని ఇప్పుడు ‘సేక్రెడ్ స్టీల్’ అంటున్నారు. పెడల్ స్టీల్ మీద చక్ క్యాంప్‌బెల్, రాబర్ట్ రాండాల్ఫ్ వాయించింది వినండి. పాడే మనిషి ఒక మాట అంటే, ఆ మాట అచ్చు అలాగే తీగ మీద తిరిగి వస్తుంది.

సాధన ఇలా చేయండి. మీకు నోటికొచ్చిన పద్యం ఏదైనా ఒకటి, ఒక్క పాదం చాలు. గట్టిగా పాడండి. తరవాత ఒక్కో అక్షరానికి ఒక్కో మీటు, గురువుకి పొడవు, లఘువుకి పొట్టి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ బార్ ఎత్తేయండి. యాంప్‌లో గెయిన్ పెంచండి, శబ్దం కాస్త చీలాలి. తీగని గట్టిగా మీటితే చీలి, మెల్లగా మీటితే శుభ్రంగా వచ్చేంత వరకే. మా అమ్మ పాడే ఆటవెలది పాదాన్ని నేను ఇలా వాయిస్తే, పక్కగదిలోంచి మా అబ్బాయి ‘అమ్మమ్మ ఫోన్ చేసిందా’ అని అడిగాడు.

ఖాళీ, పొగమంచు

1983లో బ్రయన్ ఈనో ‘అపోలో’ ఆల్బమ్‌లో డేనియల్ లాన్వా పెడల్ స్టీల్ వాయించారు. చంద్రుడి మీదికి వెళ్ళిన యాత్రల గురించిన సంగీతం అది. స్వరం మొదలైనట్టే తెలియదు, ఉన్నట్టుండి గదిలో ఉంటుంది. అలా రావాలంటే కిటుకు కుడి పాదంలో, వాల్యూమ్ పెడల్ దగ్గర ఉంది. పూర్తిగా మూసి మీటండి, మీటిన దెబ్బ వినిపించకూడదు, తరవాత రెండు అంకెలు లెక్కపెడుతూ తెరవండి. వరస ముఖ్యం: గిటార్, వాల్యూమ్ పెడల్, డిలే, రివర్బ్, యాంప్. మొదట్లో నేను వాల్యూమ్ పెడల్‌ని డిలే తరవాత పెట్టాను. పాదం మూయగానే ప్రతిధ్వని కూడా కోసేసినట్టు ఆగిపోయేది, మూడు వారాలు డిలే చెడిపోయిందనుకుని టెన్షన్ పడ్డాను. డిలే అర సెకను దగ్గర, మళ్ళీ మళ్ళీ వచ్చేది నాలుగైదు సార్లు. మూడు స్వరాలకి మించి వాయించకండి. ఇక్కడ ‘ఏ’, ‘బి’ పెడల్స్ కలిపి నొక్కినా ఫరవాలేదు, స్వరం సున్నాలో ఉన్నప్పుడు నొక్కితే కంట్రీ జాడే ఉండదు.

ఈ దారిలో ఇంకా దూరం వెళ్ళాలనుకుంటే సూజన్ ఆల్కార్న్‌ని వినండి. టెక్సస్‌లో కంట్రీ బ్యాండ్లతో వాయించి, తరవాత మెస్సియాన్, పియాజోలా లాంటి స్వరకర్తల దాకా ఇదే వాయిద్యాన్ని తీసుకెళ్ళిన మనిషి. 2025లో పోయారు. ఆవిడ వాయించేది మొదటిసారి అర్థం కాకపోయినా వదలకండి.

నైజీరియా జుజు సంగీతం నాకు ఆలస్యంగా తెలిసింది. కింగ్ సన్నీ అడే బృందంలో డెమోలా అడెపోజు పెడల్ స్టీల్ వాయించారు, 1982 నాటి ‘జుజు మ్యూజిక్’ ఆల్బమ్‌లో వినొచ్చు. బోలెడన్ని గిటార్లు, మాట్లాడే డోళ్ళు గలగలమంటుంటే మధ్యలో స్టీల్ ఒక చిన్న జారు పలికి తప్పుకుంటుంది. నేర్చుకోవాల్సింది ఆ తప్పుకోవడమే. మృదంగం వాయించే స్నేహితురాలితో ఆదితాళంలో ఇది చేస్తాం: ఎనిమిది అక్షరాల ఆవర్తనంలో నాకు రెండు అక్షరాలే, మిగతా ఆరు ఆవిడవి. జాజ్‌కి అసలు సి6 శ్రుతి కావాలి, 1963లో బడ్డీ ఎమ్మన్స్ చేసిన ‘స్టీల్ గిటార్ జాజ్’ వింటే ఎందుకో తెలుస్తుంది. నా వాయిద్యానికి ఆ శ్రుతి ఉన్న రెండో మెడ (ఇంకో తీగల వరస) లేదు, నేను అటు వెళ్ళలేదు.

ఏ దారిలో వెళ్ళినా 3వ తీగ తెగుతుంది. 0.011 అంగుళాల సన్నటి తీగ, బి పెడల్ నొక్కినప్పుడల్లా దాన్ని లాగుతాం. ఒక ఉగాది కార్యక్రమంలో తారస్థాయి గాంధారం మీద నిలబడి ఉండగా టప్‌మని తెగింది. వెంటనే 6వ తీగకి దిగి, అదే గాంధారం ఒక స్థాయి కింద పట్టుకుని మోహన పూర్తిచేశాను. కాబట్టి ప్రతి పదబంధాన్ని 3 లేకుండా, 6 మీద కూడా సాధన చేసి ఉంచుకోండి. వాయిద్యం పెట్టెలో 3వ తీగలు అరడజను, నట్లు తిప్పే రెంచి ఒకటి ఎప్పుడూ ఉండాలి. కొత్త తీగ వేశాక పది నిమిషాలు లాగి వదిలి లాగి వదిలి, శ్రుతి నిలబడ్డాకే వేదిక ఎక్కండి.