చలికాలం చివర్లో షాంఘై వెళ్లేవారికి

షాంఘై చూడడానికి ఏప్రిల్, అక్టోబరు నెలలు అనువైనవని చాలామంది చెబుతారు. ఆ మాటలో తప్పేమీ లేదు గానీ, ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఉండే రోజులే నాకు ఎక్కువ ఇష్టం. అప్పుడు జనం పలచగా ఉంటారు, గదుల అద్దెలు తగ్గుతాయి, ఆకు లేని కొమ్మలకు మేయ్‌హ్వా (చైనా ప్లమ్) పూలు పూస్తాయి. అయితే పండగ తేదీలు చూసుకోకుండా టికెట్లు కొన్నా, చలికీ ఫోనుకీ కావలసిన ఏర్పాట్లను అక్కడికి వెళ్లాక చూసుకుందామని వదిలేసినా మొదటి రెండు రోజులు తిప్పలు తప్పవు.

ముందుగా తేదీల సంగతి. చైనా కొత్త సంవత్సరం అమావాస్యనాడు మొదలై పదిహేనో రోజున, అంటే పౌర్ణమికి, దీపాల పండగతో ముగుస్తుంది కనుక పంచాంగం చూసే అలవాటు ఉన్నవారికి ఆ లెక్క సులువుగానే అందుతుంది. 2027లో ఆ పండగ ఫిబ్రవరి 6న, 2028లో జనవరి 26న వస్తుంది. దానికి ముందూ వెనకా కలిపి నలభై రోజుల పాటు కోట్లాది మంది సొంతూళ్లకు వెళ్లివస్తారు. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయి విజయవాడ రోడ్డు నిండిపోవడం చూసినవారు ఆ రద్దీని ఊహించుకోగలరు. షాంఘైలో చిన్నచిన్న భోజనశాలలు నడిపేవారిలో చాలామంది ఇతర ప్రాంతాల నుంచి వచ్చినవారే కాబట్టి పండగ వారంలో అవి మూతపడతాయి, రైలు టికెట్లు దొరకడం గగనమవుతుంది, పేరున్న చోట్ల మాత్రం అడుగు తీసి అడుగు వేయలేనంత జనం ఉంటారు. పండగ చూడాలన్న కోరిక ఉంటే పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు చేరుకోవడం మంచిది, ఎందుకంటే అప్పటికి దుకాణాలు తెరుచుకుంటాయి, యూయువాన్ తోట చుట్టూ కట్టిన రంగుల దీపాలూ ఇంకా వెలుగుతూనే ఉంటాయి. టపాసుల కోసం వెళ్లేవారికి మాత్రం నిరాశే మిగులుతుంది. నగరపు ఔటర్ రింగ్ రోడ్డు లోపల 2016 నుంచి వాటిపై నిషేధం ఉంది. పండగతో పనిలేనివారు పౌర్ణమి దాటాక బయలుదేరాలి.

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారు ముందే వీసా తీసుకోవాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన తెలుగువాళ్లు ఇండియాకు వస్తూనో పోతూనో షాంఘైలో దిగి మూడో దేశానికి టికెట్టు చూపిస్తే 240 గంటల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. ఈ సదుపాయం వర్తించే దేశాల జాబితాలో భారతదేశం లేదు. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటల్‌వారే చేస్తారు. బంధువుల ఇంట్లో దిగినవారు మాత్రం చేరిన 24 గంటల్లోగా తామే నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టును పెట్టెలో దాచకుండా వెంట ఉంచుకోవాలి, ఎందుకంటే అక్కడ రైలెక్కడానికీ అదే కావాలి, చాలా మ్యూజియాల్లోకి వెళ్లడానికీ అదే కావాలి.

ఇక ఫోను. అక్కడ టీ కొట్టు దగ్గర నుంచి టాక్సీ దాకా చెల్లింపులన్నీ ఫోనుతోనే జరుగుతాయి. ఫోన్‌పేకు అలవాటుపడిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు గానీ, మన యాప్‌లను నమ్ముకుని వెళ్లకూడదు. అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌ను ఇంటి దగ్గరే ఫోన్లో పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలతో గుర్తింపు పూర్తిచేసి, వీసా లేదా మాస్టర్ కార్డును జతచేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు విదేశీ లావాదేవీలను తెరిచి ఉంచాలి, ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్లోనే ఉండాలి. విదేశీ కార్డుతో చెల్లించేటప్పుడు 200 యువాన్ల లోపు మొత్తానికి అలీపే రుసుము తీసుకోదు. అది దాటితే 3 శాతం పడుతుంది. అక్కడ చెల్లింపులకు వాడే మరో యాప్ వీచాట్ మీద 2020 నుంచి మన దేశంలో నిషేధం ఉంది కనుక ఇక్కడి నుంచి వెళ్లేవారికి అలీపేనే ఆధారం. అందులోనే దీదీ అనే సంస్థ టాక్సీని పిలుచుకోవచ్చు, మెట్రో గేటు దగ్గర చూపించే కోడ్ కూడా తీసుకోవచ్చు. అయినా పది, ఇరవై యువాన్ల నోట్లు కొన్ని జేబులో ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే పెద్ద నోటిస్తే చిన్న దుకాణాల్లో చిల్లర ఉండదు.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడి నెట్‌వర్కులోనూ హోటల్ వైఫైలోనూ పనిచేయవు. మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే డేటా మన కంపెనీ మీదుగా వస్తుంది కాబట్టి అవన్నీ మామూలుగానే నడుస్తాయి. ఫోను ఆగిపోతే డబ్బు, దారి, మాట మూడూ ఒక్కసారే ఆగిపోతాయి, పైగా చలికి బ్యాటరీ త్వరగా తగ్గుతుంది. అందుచేత పవర్ బ్యాంకును గదిలో వదిలి బయటికి వెళ్లకూడదు.

చలి విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరపడతారు. ఫిబ్రవరిలో షాంఘై సగటు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, మంచు అరుదుగా పడుతుంది. ఆ అంకె చూసి ఒక స్వెట్టరు చాలనుకుంటారు. కానీ అక్కడిది తడి చలి: సన్నని వాన రోజుల తరబడి ముసురు పట్టి, గాలిలో తేమ బట్టల్లోకి దిగుతుంది. దానికి తోడు, ఉత్తర చైనా నగరాల్లో ఇళ్లన్నింటికీ వేడి నీటి గొట్టాలతో వెచ్చదనం అందించే ఏర్పాటు ఉంటుంది గానీ, ఉత్తర, దక్షిణ చైనాలకు హద్దుగా చెప్పే హ్వాయ్ నదికి దక్షిణాన ఉన్న షాంఘైకి అది లేదు. పెద్ద మాల్స్ వెచ్చగానే ఉంటాయి. చిన్న నూడుల్స్ కొట్లలో మాత్రం తలుపు తీసే ఉంటుంది, తినేవారు కోటు విప్పకుండానే కూర్చుంటారు. కాబట్టి ఒంటికి అంటుకునే థర్మల్ బట్టలు, వాటి మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలీ వానా ఆపే జాకెట్టు అనే మూడు పొరలు ఉండాలి. తడి దిగని బూట్లు, రెండు జతల మందపాటి మేజోళ్లు ఎక్కువ పెట్టుకోవాలి, ఎందుకంటే ఉతికిన బట్ట ఆ తేమకు ఒక రాత్రిలో ఆరదు. హోటల్ గదిలో ఏసీయే హీటరుగా పనిచేస్తుంది: రిమోట్ మీద మంచు పువ్వు గుర్తు చల్లదనానికి, సూర్యుడి గుర్తు వెచ్చదనానికి. సూర్యుడి గుర్తు పెట్టాక వెచ్చని గాలి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ లోపే పాడైందనుకుని ఆపేయకూడదు. వీధికొకటిగా కనిపించే ఫ్యామిలీమార్ట్, లాసన్ దుకాణాల్లో నువాన్ బావోబావో అనే వేడి పట్టీలు దొరుకుతాయి. వాటిని లోపలి చొక్కా మీద, నడుము భాగంలో అంటిస్తే గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. చర్మానికి నేరుగా అంటిస్తే మాత్రం కాలుతుంది. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారు ఇవి తప్పకుండా కొనాలి.

ఊళ్లో తిరగడానికి మెట్రోకు మించినది లేదు. 800 కిలోమీటర్లు దాటిన ఆ మార్గంలో టికెట్టు 3 యువాన్ల నుంచి మొదలవుతుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: బండ్లు కుడివైపున నడుస్తాయి కనుక ముందు ఎడమకు చూడాలి, పక్క దారిలో చప్పుడు చేయకుండా వచ్చే ఎలక్ట్రిక్ స్కూటర్లను మరీ గమనించుకోవాలి.

చూడవలసిన వాటిలో నదీతీరమైన బండ్‌ను ఎవరూ వదలరు. 1920లలో కట్టిన బ్యాంకుల, కస్టమ్స్ కార్యాలయపు భవనాలు ఈ ఒడ్డున, 632 మీటర్ల షాంఘై టవర్ ఆ ఒడ్డున ఉంటాయి. ఎక్కువ డబ్బు పెట్టి విహార నౌక ఎక్కనక్కరలేదు. 2 యువాన్లకే హ్వాంగ్‌పు నది దాటించే మామూలు రేవు పడవలో రెండు ఒడ్లూ కనిపిస్తాయి. టవర్ టికెట్టును మాత్రం ముందుగా కొనవద్దు. ఈ కాలంలో దాని తల తరచుగా మబ్బుల్లో ఉంటుంది, కింద నిలబడి శిఖరం కనిపిస్తేనే కొనాలి. పాత ఫ్రెంచి పేటలోని వుకాంగ్ రోడ్డుకు ఈ రోజులే సరైనవి: వేసవిలో పచ్చని గొడుగులా కమ్ముకునే చెట్లు ఇప్పుడు మోడువారి ఉంటాయి కాబట్టి, వాటి వెనకనున్న పాత ఇళ్ల బాల్కనీలు, ఇటుక పొగగొట్టాలు స్పష్టంగా కనిపిస్తాయి. మేయ్‌హ్వా కోసం మెట్రో రెండో లైనులో సెంచరీ పార్కుకు గానీ, ఒకటో లైను చివర షింజువాంగ్ పార్కుకు గానీ పొద్దున్నే వెళ్లాలి. తెలుపు, గులాబి, ముదురు ఎరుపు పూలు నల్లని కొమ్మలకు నేరుగా అతుక్కుని ఉంటాయి, దగ్గరకు వెళ్తేనే సన్నని వాసన తగులుతుంది. మార్చి మొదట్లో నగర పుష్పమైన తెల్ల మాగ్నోలియా కూడా విచ్చుకుంటుంది. ముసురు విడవని రోజును షాంఘై మ్యూజియానికి కేటాయించుకోవాలి. ఎప్పుడు వెళ్లినా దాని సెలవు రోజును ముందే చూసుకోవాలి.

శాకాహారులు "వో ఛి సూ" అనే మూడు మాటలు నేర్చుకోవాలి, "నేను శాకాహారిని" అని దాని అర్థం. అయినా అంతటితో నిశ్చింతగా ఉండకూడదు: ఆకుకూరను మాంసం రసంలో ఉడికించడం, ఉల్లికాడల రొట్టెను పందికొవ్వుతో కాల్చడం అక్కడ మామూలు విషయం, దీపాల పండగకు తినే నల్లనువ్వుల ఉండల్లోనూ ఆ కొవ్వు కలుస్తుంది. నిక్కచ్చిగా ఉండేవారికి 1922 నుంచి నడుస్తున్న గోంగ్‌దెలిన్ శాకాహార భోజనశాల, జేడ్ బుద్ధుడి ఆలయంలో అమ్మే పుట్టగొడుగుల నూడుల్స్ మంచి దారి. చలికాలంలో వీధుల్లో కాల్చి అమ్మే చిలగడదుంపలు, వేయించిన చెస్ట్‌నట్ గింజలు ఏ అనుమానమూ లేకుండా తినవచ్చు. ఫ్లాస్కు ఒకటి తీసుకెళితే, స్టేషన్లలోనూ విమానాశ్రయంలోనూ వేడినీళ్లు ఉచితంగా నింపుకోవచ్చు.

తిరుగు ప్రయాణానికి పుడోంగ్ విమానాశ్రయం వెళ్లడానికి రెండో లైను చవక, కానీ ఊరి నడిబొడ్డు నుంచి గంటకు పైగా పడుతుంది. లోంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్ నుంచి అయస్కాంత రైలు 30 కిలోమీటర్లను ఎనిమిది నిమిషాల్లో దాటిస్తుంది. టికెట్టు 50 యువాన్లు, అదే రోజు విమాన టికెట్టు చూపితే 40. అయితే అది రాత్రి పదిలోపే ఆగిపోతుంది కాబట్టి అర్ధరాత్రి విమానం ఉన్నవారు టాక్సీ మాట్లాడుకోవాలి. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.