పండగలకు రెండు నెలల ముందే దిగండి

హైదరాబాద్‌లో దిగిన పదో రోజున వడ్రంగి మా వంటింటి అరల తలుపులన్నీ ఊడదీసి బాల్కనీలో ఆనించి, "పండగ అయ్యాక వచ్చి బిగిస్తా మేడమ్" అని వచ్చీరాని తెలుగులో చెప్పి వెళ్లిపోయాడు. వినాయక చవితి సంగతే అనుకున్నాను. ఆయనది బీహార్. దసరా, దీపావళి, ఆ తర్వాత ఆరో రోజున వచ్చే ఛఠ్ పూజ కూడా చేసుకుని నవంబరులో తిరిగొచ్చాడు. అబద్ధమేమీ చెప్పలేదు పాపం, ఏ పండగో నేనే అడగలేదు.

పద్నాలుగేళ్లు డల్లాస్‌లో ఉండి వచ్చేశాం. మా ఆయనది ఇండియన్ పాస్‌పోర్టే. నాదీ, ఇద్దరు పిల్లలదీ అమెరికన్ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చేది). గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. మా తర్వాత వస్తున్నవాళ్లు ఫోన్ చేసి అడిగేవాటినే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అందరూ ముందు అడిగేది స్కూలు గురించి, నేను ముందు చెప్పేది నెల గురించి. వీలైతే జూన్‌లో రండి. తెలంగాణలో స్టేట్ సిలబస్ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఇంటర్నేషనల్ స్కూళ్లు చాలావరకు ఆగస్టులో మొదలవుతాయి. ఆషాఢంలో బోనాల ఆదివారాలు వస్తాయి గానీ వాటివల్ల పనులు ఆగవు. ముందు గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన లాల్‌దర్వాజ. ఆ రోజుల్లో ఆ వైపు కారు తీయకుండా ఉంటే చాలు. భాద్రపదం వచ్చిందంటే మాత్రం చవితి, నిమజ్జనం, బతుకమ్మ, దసరా, దీపావళి వరుసగా వచ్చి పడతాయి. ఆ రెండు నెలలూ ప్లంబరు దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా మీకు వినిపించే మాట ఒక్కటే: "పండగ అయ్యాక చూద్దాం." మేం ఆగస్టు చివర దిగాం. ఎంత తెలివైన పనో చూడండి.

కాగితాల్లో మాకు తల తిరిగింది ఆధార్ దగ్గర. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ వచ్చిన వెంటనే అప్లై చేసుకోవచ్చు. ఓసీఐ వాళ్లు మాత్రం అప్లై చేసేనాటికి వెనకటి 12 నెలల్లో 182 రోజులు ఇండియాలో ఉండాలి. అందుకని మా ఆయనకు మొదటి నెలలోనే కార్డు వచ్చింది, నాకూ పిల్లలకూ ఆరు నెలలు పట్టింది. ఈలోగా అందరూ అడుగుతూనే ఉంటారు. కంగారు పడకుండా పాస్‌పోర్టు, ఓసీఐ, అద్దె అగ్రిమెంటు జిరాక్సులు నాలుగు సెట్లు బ్యాగులో పెట్టుకోండి. ఇంటి అగ్రిమెంటు, గ్యాస్, బ్యాంకు, సిమ్ అన్నీ ఆధార్ ఉన్నవాళ్ల పేరు మీద తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. విదేశాల్లో ఉన్నప్పుడు ఎన్ఆర్ఐగా ఇక్కడి బ్యాంకులో తెరిచిన పాత ఎన్ఆర్ఈ అకౌంటు సంగతి మర్చిపోకండి, ఉండిపోవడానికే వచ్చారు కాబట్టి దాన్ని రెసిడెంట్ అకౌంటుగా మార్పించాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. రెన్యూ చేయించిన ప్రతిసారీ మూడు నెలల్లోపు కొత్త పాస్‌పోర్టు వివరాలు ఓసీఐ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఇంట్లో ఎవరైనా ఓసీఐ కాకుండా 180 రోజులు దాటే వీసా మీద వస్తుంటే, దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. దీన్ని వాయిదా వేయొద్దు.

యూపీఐ లేకపోతే ఇక్కడ కొత్తిమీర కట్ట కొనడం కూడా కష్టమే. బండి మీద అమ్మే ఆయన దగ్గర చిల్లర ఉండదు, క్యూఆర్ కోడ్ ఉంటుంది. బ్యాంకు అకౌంటు, దానికి కలిపిన ఇండియా నంబరు వచ్చేదాకా పది, ఇరవై, యాభై నోట్లు దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో సామాన్ల విషయానికొస్తే, అమెరికా కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. మా రైస్ కుక్కర్‌ను ప్లగ్గు మార్చే అడాప్టర్‌కు తగిలించాను. అన్నం ఉడకలేదు, పొగ మాత్రం వచ్చింది. అడాప్టర్ ప్లగ్గునే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్లకు ఫర్వాలేదు, వాటి మీద 100 నుంచి 240 అని రాసుంటుంది. మిగతావి అక్కడే అమ్మేసి రండి. గ్యాస్ బండ 14.2 కిలోలది. రెండో బండ తప్పకుండా తీసుకోండి, పిండివంటలు మొదలయ్యాక ఒక్క బండ ఏ మూలకూ చాలదు. తెచ్చిన అబ్బాయి మీ ఫోన్‌కు వచ్చిన కోడ్ అడుగుతాడు. అది మోసం కాదు, చెప్పాలి. నేను మొదటిసారి చెప్పనని మొండికేస్తే బండ తిరిగి వెళ్లిపోయింది.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దోమల కాలం కూడా. డెంగీ దోమ పగలే కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. సాయంత్రం కాయిల్ వెలిగించి నిశ్చింతగా ఉంటే సరిపోదు. పూలకుండీల కింది పళ్లాలు, కూలర్ తొట్టి వారానికోసారి ఖాళీ చేయండి, పిల్లల్ని బడికి ఫుల్ చేతుల చొక్కాలతో పంపండి.

ఇక పండగలు. చవితికి వారం ముందు అపార్ట్‌మెంట్ పిల్లలు రసీదు పుస్తకంతో చందాకు వస్తారు. చందాతోపాటు మీ పిల్లల్నీ వాళ్ల వెంట పంపండి. మా అబ్బాయికి స్కూల్లో రెండు నెలలకు కూడా దొరకని స్నేహితులు ఆ ఒక్క సాయంత్రం మెట్లెక్కి దిగడంలో దొరికారు. పత్రి రోడ్డు పక్కన కట్టలుగా అమ్ముతారు. వ్రతకల్పంలో 21 రకాలు ఉంటాయి, కట్టలో అన్నీ ఉంటాయని ఆశపడకండి. చిన్న మట్టి వినాయకుణ్ణి తెచ్చుకుంటే బకెట్‌లోనే నిమజ్జనం చేసి ఆ నీళ్లు మొక్కలకు పోయొచ్చు. ఖైరతాబాద్ వినాయకుణ్ణి 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారని చెబితే, ఇప్పటి విగ్రహం ముందు మెడ ఎత్తి నిలబడ్డ మా పిల్లలు నమ్మలేదు. మామూలు పనిరోజున తెల్లారగట్ల వెళ్లండి. అనంత చతుర్దశి రోజు మాత్రం హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల దారులన్నీ మూసేస్తారు. ఆ రోజు విమానం ఎక్కే పనీ, డాక్టరు అపాయింట్‌మెంటూ పెట్టుకోకండి.

మాది తెనాలి వైపు. బతుకమ్మ నా పిల్లలకే కాదు, నాకూ కొత్తే. తెలుగువాళ్లం కదా అన్నీ తెలుసనుకుని వస్తాం గానీ, పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పక్కింటి వదిన తలుపు కొట్టి "ఏం వదినా, ఎంగిలిపూలు పేర్చలేదా?" అంటే నా దగ్గర సమాధానం లేదు. ఆవిడది కరీంనగర్. అక్కడికక్కడే నన్ను కింద కూర్చోబెట్టి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి మొదలుపెట్టింది. నేను బంతిపూలు అందిస్తుంటే, "గట్ల కాదు, ముందుగాల తంగేడు పెట్టాలె" అని చేయి పక్కకు తోసింది. తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, చామంతి, వరుస మీద వరుస, పైన పసుపు గౌరమ్మ. తొమ్మిది రోజులకూ తొమ్మిది పేర్లు: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు పేర్చరు, నైవేద్యం ఉండదు. మా అమ్మాయికి నచ్చిన రోజు అదే. దేవతకు కూడా అలిగి ఊరుకునే హక్కు ఉందని వారం రోజులు మాకు గుర్తుచేసింది.

పాటలు రావని వెనక నిలబడకండి. ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు "ఉయ్యాలో" అంటే చాలు, చప్పట్లు రెండో చుట్టుకు వచ్చేస్తాయి. మొదటి ఏడాది నేర్చుకోవడానికి మాత్రమే వెళ్లండి, ఫొటోల కోసం పిల్లల్ని మధ్యలోకి తోయకండి. సద్దుల రోజుకు పూలు ముందురోజే తెచ్చుకోండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు నేను ఆ రోజు పదింటికి తీరుబడిగా వెళ్తే వాడిన చామంతులు, చుక్కలు చూపించే ధరలు మిగిలాయి.

దసరాకు మామూళ్ల సంగతి ఎవరూ ముందు చెప్పరు. వాచ్‌మన్, చెత్త బండి, ఇస్త్రీ, పేపరు, గ్యాస్ అబ్బాయి, వరసగా వచ్చి నవ్వుతూ నిలబడతారు. ఇది బిచ్చమూ కాదు, లంచమూ కాదు, ఏడాదికోసారి ఇచ్చే గౌరవం. ఎంత ఇవ్వాలో పక్కింటి వాళ్లను అడగండి. అమెరికా లెక్కన ఎక్కువ ఇచ్చేస్తే మీ గొప్ప సంగతేమో గానీ, పక్కింటి వాళ్లకు మాత్రం ఇబ్బంది. పనమ్మాయికి బోనసు, చీర వేరే. ఆమె ఊరికి వెళ్లే వారం రోజులూ ముందే అడిగి రాసుకోండి, సెలవిచ్చానన్న భావంతో కాదు, అంట్లు మీరే తోముకోవాలి కాబట్టి.

దసరా సాయంత్రం జమ్మి ఆకు "బంగారం" అంటూ చేతిలో పెడితే పిల్లలు తినేదనుకున్నారు. పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టాలని, సమానులైతే అలాయ్ బలాయ్ (కౌగిలింత) తీసుకోవాలని ముందే చెప్పి ఉంచండి. దీపావళి గురించి చెప్పేది తక్కువ: నూలు బట్టలు, పక్కన నీళ్ల బకెట్, చిన్నపిల్లలకు చెవుల్లో దూది. ఇంట్లో కుక్క ఉంటే ఆ రాత్రి లోపలి గదిలో ఉంచి టీవీ పెట్టండి.

పిల్లలకు తెలుగు చదవడం రాదని బాధపడేవాళ్లకు ఒక మాట. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా తెలుగు నేర్పాల్సిందే. మా అమ్మాయి ఐదో తరగతిలో అ ఆల దగ్గర మొదలుపెట్టింది. ఇంట్లో మేం చెబితే ఏడుపు, వాచ్‌మన్ కూతురు చెబితే నవ్వు. అందుకే ట్యూషన్ మానిపించాం.

సంక్రాంతికి ఊరెళ్లాలనుకుంటే రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, మీరు అక్కడ ఉన్నప్పటి 120 రోజుల లెక్క కాదు. నవంబరు రెండో వారంలో ఉదయం ఎనిమిది గంటలకు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోండి. కాఫీ తర్వాత తాగొచ్చు.